మాట అందించే పిల్ల

"కాస్త గట్టిగా అందించండి, వినబడటం లేదు," అన్నాడు ఒరేస్తె, స్టేజీ అంచున ఉన్న చెక్కగూటిలోకి వంగి చూస్తూ.

"కాస్త చదువుకుని రండి, వినబడక్కర్లేదు," అంది గూట్లోంచి నీవెస్.

పార్మా ఊళ్ళో, పాటల నాటకాలాడే ఒపేరా హౌస్‌లో వాళ్ళిద్దరి తొలి పలకరింపు అది. ఒరేస్తె కొత్తగా వచ్చిన టెనర్, పై స్థాయిలో పాడే గాయకుడు, హీరో వేషాలన్నీ అతనివే. నీవెస్ ప్రాంప్టర్. జనానికి కనబడకుండా ఆ గూట్లో కూర్చుని, ప్రతి చరణానికీ మొదటి మాట అరక్షణం ముందుగా అందించడం ఆమె పని.

చిత్రమేమిటంటే, ఒరేస్తె యుద్ధం పాటలూ చావు పాటలూ గడగడా పాడేసేవాడు. ప్రేమ పాట దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు నమిలేవాడు. నమిలి, గూటి వైపు చూసేవాడు. ఆమె అందిస్తే గాని ముందుకు కదిలేవాడు కాదు.

తొలి ప్రదర్శన మర్నాడు ఊరి పత్రికలో జంబెల్లి గారి సమీక్ష వచ్చింది. కలం పోటుతో ఇద్దరు టెనర్లను ఊరు దాటించిన ఘనుడాయన. దాన్ని వంటింట్లో నిలబడి పైకి చదివింది నీవెస్ పిన్ని తెక్లా. "ప్రేమ పాటలో ఇతను అందరిలా హీరోయిన్ కళ్ళల్లోకి చూడడు. చూపు దించుకుంటాడు. నిజంగా మనసిచ్చినవాడు అలాగే చేస్తాడు. ఇంత గొంతూ ఇంత సిగ్గూ ఒకే మనిషిలో చూసి ఎన్నాళ్ళయిందో."

"సిగ్గూ లేదు పాడూ లేదు పిన్నీ. మాట మర్చిపోయి నా వైపు చూశాడు."

"నిన్ను చూస్తే గుర్తొచ్చిందా?"

"నేను అందిస్తే గుర్తొచ్చింది."

"అదే నేనూ అంటున్నా," అని పిన్ని పత్రిక మడిచింది. తెక్లా మామూలు మనిషి కాదు. పార్మాలో కింద కుర్చీలవాళ్ళు మెచ్చుకుంటే సరిపోదు, పై గ్యాలరీ ఒప్పుకోవాలి. ఆ గ్యాలరీలో ముందు వరస ఆమెది. అక్కడ ఈల అంటే మెచ్చుకోలు కాదు, వెక్కిరింపు. ఆమె ఈల వేసిందంటే గాయకుడు పెట్టె సర్దుకోవలసిందే. ఒరేస్తెకి మాత్రం ఇంతవరకూ వెయ్యలేదు.

ఇంతలో ఒరేస్తెకి ఒక కచేరీ కుదిరింది. లండన్ ఒపేరా వాళ్ళు వినడానికి వస్తున్నారు, నచ్చితే చలికాలమంతా అక్కడే వేషాలు. కచేరీ అంటే పియానో, మనిషి, అంతే. గూడు ఉండదు.

నీవెస్‌కి బెంగ పట్టుకుంది. రోజూ సాయంత్రం అతన్ని వంటింట్లో కూర్చోబెట్టి పాఠం అప్పజెప్పించుకునేది. పిన్ని పక్కన అనొలీని అనే చిన్న పిండి బిళ్ళల్లోకి చీజ్ కూరుతూ వినేది.

"మూడో చరణం మళ్ళీ చెప్పండి."

"మీరు మొదటి మాట అనండి."

"అక్కడ ఎవరంటారండీ, లండన్ వాళ్ళా?"

అతను నవ్వేవాడు. ఆ నవ్వు నీవెస్‌కి ఇష్టం. ఎంత ఇష్టమో అంత దిగులు కూడా. ఇతనికి కావలసింది నేనా, నా నోటి మాటా? ఆ గూట్లో ఇంకెవరు కూర్చున్నా ఇలాగే చూస్తాడు కదా? ఈ ప్రశ్న ఆమెను తిన్నగా తిననివ్వడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం, సన్నగా వాన. నీవెస్ మూడో వరసలో కూర్చుంది. మొదటి పాట ఎత్తుకోగానే ఆమె పెదవులు వాటంతట అవే కదిలాయి. అతను ఇటు చూడలేదు. రెండో పాటలోనూ చూడలేదు. ఒక్క మాట తడబడలేదు. ప్రేమ పాట వచ్చింది. అదీ ధారగా సాగిపోయింది.

ఆమె పెదవులు ఆగిపోయాయి. ప్రాంప్టర్ చెవి ఎప్పుడూ రాబోయే మాట మీదే ఉంటుంది, పాడుతున్నది వినే తీరిక ఉండదు. సీజనంతా అతని బూట్ల దగ్గరే కూర్చుని, అతని గొంతు ఆమె ఈరోజే విన్నది. జంబెల్లి రాసింది తక్కువే అనిపించింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే, ఆమె కూర్చునే ఏడ్చింది. అతనికి తన అవసరం ఎప్పుడూ లేదని తెలిసిపోయింది మరి.

మర్నాడు గొడుగు నీళ్ళోడుతుండగా ఒరేస్తె వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"పత్రిక చూశాం. పొగడ్తలే పొగడ్తలు," అంది నీవెస్, తల ఎత్తకుండా. "అన్నీ వచ్చునన్నమాట. ఎప్పటినుంచి?"

"రెండో రిహార్సల్ నుంచి."

"మరి నేను గొంతు చించుకునేలా ఎందుకు అరిపించారు?"

"మర్చిపోతేనే నువ్వు నా వైపు చూసేదానివి." అతను గొడుగు గోడకి ఆనించాడు. "నిన్న నీ వైపు చూడకుండా పాడటానికి నా ప్రాణం పోయింది నీవెస్. ఒక్క మాటకైనా నీ మీద ఆధారపడి ఉంటే, ఇవాళ నా అవసరానికే నిన్ను అడుగుతున్నానని అనుకుంటావు. నాకు మాట వచ్చు. నువ్వే కావాలి. లండన్ వాళ్ళు పిలిచారు, చలికాలం పాడి వచ్చేస్తాను. వచ్చాక నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

నీవెస్ ఏమీ అనలేదు. పొయ్యి మీద సూప్ కుతకుతలాడింది. అతని మొహం పాలిపోయింది.

ఇక ఉండబట్టలేక పిన్ని గరిటె పక్కన పెట్టి, గొంతు తగ్గించి అందించింది. "సరే అనవే పిల్లా."

"నేను మర్చిపోలేదు పిన్నీ," అంది నీవెస్, కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకోసారి అడిగితే విందామని ఆగాను."