సైలస్ వీపు మీద జనరల్

గల్స్ హార్బర్‌లో, ఉప్పుమడుగు పక్కనున్న జనరల్ కార్విల్ ఇంటికి ఎంత చెడ్డపేరంటే, పొద్దుగూకాక ఆ దారిన కుక్క కూడా పోయేది కాదంటారు. కప్పు లేదు. మసిపట్టిన గోడలూ, తలుపుల్లేని గుమ్మమూ మిగిలాయి. గుర్రాలు ఆ గుమ్మం ఎదుట నిలబడిపోయి, కొరడాతో కొట్టినా కదిలేవి కావట. లోపల ఎవరో కాలీడుస్తూ నడుస్తున్న చప్పుడు విని, చేపలమ్మే మనిషి ఒకామె బుట్ట పారేసి పరుగెత్తింది. మర్నాటికీ ఆమెకు మాట రాలేదు.

ఒకప్పుడు అదే గుమ్మం ముందు ఊరంతా టోపీలు ఎగరేసి జేజేలు కొట్టింది. రాజు మీద జనం తిరగబడ్డ కొత్తలో, మంచులో జరిగిన పెద్ద యుద్ధాన్ని గెలిపించింది కార్విలే. తుపాకీ గుండుకు కాలు నుజ్జయి కూడా, గుర్రం మీద నుంచి పడిపోయేదాకా ముందుకే పోయాడు.

అలాంటివాడు రాజు పక్షానికి అమ్ముడుపోయాడు. తనను కాదని చిన్నవాళ్ళకు పదవులిచ్చారన్న కడుపుమంట అన్నారు కొందరు. ఎందుకైతేనేం... ఒక తెల్లవారుజామున ఎర్రటి కోట్లు తొడుక్కున్న రాజు సైన్యాన్ని వెంటేసుకుని సొంత ఊరి మీదికే వచ్చాడు. రేవు తగలబెట్టాడు. ఊరి కోటలో లొంగిపోయి ఆయుధాలు కింద పెట్టినవాళ్ళను కూడా పొడిచి చంపారు. వాళ్ళు వెళ్ళిపోయాక, మిగిలిన జనం ఆయన ఇంటికి నిప్పు పెట్టారు.

ఆ మంచుయుద్ధంలో కార్విల్‌ని వీపు మీద వేసుకుని బతికించిన మనిషి సైలస్ ప్రూయెట్. పీపాలు చేసేవాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చాక అతన్ని రమ్ముకు డబ్బు పెట్టనిచ్చేవారు కాదు సారాకొట్టులో. రేవు తగలబడ్డాక అదే కొట్టులో ఎవడో ఒకడు అనేవాడు...

"ఏరా సైలస్, ఆ రోజు నీ వీపు కాస్త నొప్పెట్టలేదట్రా? నొప్పెట్టుంటే మా తమ్ముడు బతికుండేవాడు!"

సైలస్ తల దించుకునేవాడు. కోటలో చచ్చినవాళ్ళలో అతని అన్న ఎజ్రా కూడా ఉన్నాడు మరి.

ఎజ్రా భార్య ప్రూడెన్స్ సైలస్ ఉన్న ఇంట్లోనే ఉండేది. వదిన ఒక్కనాడూ ఆ సంగతి ఎత్తలేదు. వండి పెట్టేది, వెళ్ళిపోయేది. తిట్టినా బాగుండుననుకునేవాడు సైలస్.

ఒక ఆకురాలు కాలంలో ప్రూడెన్స్‌కు విషజ్వరం వచ్చింది. ఒక రాత్రి ఆమె సైలస్ చొక్కా పట్టుకుంది.

"డాక్టర్‌ని తీసుకురా... నీతో ఒక మాట చెప్పాలి. ఎజ్రా పోయిన కాడ్నించీ చెప్పాలనే ఉంది."

"చెప్పు వదినా."

"ముందు ఆయన్ని తీసుకురా. ఊపిరాడ్డం లేదు."

పక్కింటి ముసలమ్మను తోడుంచి బయల్దేరాడు. సముద్రం పోటెత్తి ఒడ్డుదారి మునిగిపోయింది. ఉన్నది ఇక ఒక్కటే దారి – కార్విల్ ఇంటి ముందు నుంచి.

లాంతరు కోటు కింద దాచుకుని, గబగబా నడిచాడు. గుమ్మం దాటాడు. ఏమీ లేదు. హమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడు వెనక నుంచి... మెల్లగా...

"సైలస్..."

ఆ గొంతు అతనికి తెలుసు. రేవు తగలబెట్టమని అరిచిన గొంతు కాదది. మంచులో రక్తం కారుతూ, 'ముందు కుర్రాళ్ళని మొయ్యండి, నన్ను చివర్న' అన్న గొంతు.

"సైలస్... చలేస్తోందిరా."

పరుగెత్తాలనుకున్నాడు. కాళ్ళు రాలేదు. మోకాళ్ళు వాటంతటవే వంగాయి. రెండు చల్లటి చేతులు మెడ చుట్టూ పడ్డాయి. వీపు మీద బరువు – తెలిసిన బరువే. లాంతరు ఆరిపోయింది.

నడిచాడు.

"ఎందుకు చేశారండీ అంత పని?" అన్నాడు, ఏడుస్తూ.

మెడ మీద ఊపిరి తగిలింది... మంచులా.

కోట పక్కన, చచ్చినవాళ్ళను పూడ్చిన చోటికి రాగానే బరువు రెట్టింపైంది. నడుం విరిగిపోతోంది. బురదలో కూలబడ్డాడు. లేచాడు. మళ్ళీ కూలబడ్డాడు.

"దిగండి జనరల్ గారూ... మా వదిన చచ్చిపోతోంది. మీకు దణ్ణం పెడతా, దిగండి."

"నువ్వు దింపేస్తే..." చెవిలో గుసగుస, "నేనెక్కడికి పోతానురా?"

దింపలేకపోయాడు. చేతులు వదిలేస్తే చాలని తెలుసు. వదల్లేకపోయాడు, అంతే.

డాక్టర్ లోథ్రాప్ తలుపు కొట్టేసరికి తూర్పు తెల్లబడింది. గంటలో రావాల్సిన దారి. ఒళ్ళంతా బురద, మనిషి ముసలాడిలా వంగిపోయున్నాడు. డాక్టర్ వెంటనే గుర్రబ్బండి కట్టాడు.

వాళ్ళు వెళ్ళేసరికి ముసలమ్మ గుమ్మంలో కూర్చునుంది.

"రాత్రంతా నిన్నే పిలిచిందిరా. నాకు చెప్పమ్మా, నేను చెప్తానంటే... ఊహూఁ, వాడికే చెప్పాలంది. ఎక్కడ చచ్చావురా నువ్వు?"

ఆ మాట ప్రూడెన్స్‌తోనే పోయింది. అదేమిటో ఎవరికీ తెలీదు.

ఆ తర్వాత సైలస్ నడుం నిటారుగా కాలేదు. పనిముట్లు అమ్మేశాడు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఒక్కటే చెప్పేవాడు – కార్విల్ ఎక్కడో పరాయిదేశంలో చచ్చాడనీ, దెయ్యమై సొంతింటికొచ్చాడనీ. జనం నవ్వలేదు. వాళ్ళూ అదే నమ్మారు.

వసంతంలో లండన్ నుంచి సరుకు ఓడ వచ్చింది. సారాకొట్టులో ఆ మాట విని ఓడ కెప్టెన్ రమ్ము గ్లాసు కింద పెట్టాడు.

"కార్విలా? చావడమేంటయ్యా! లండన్‌లో బయల్దేరే ముందు నా పక్క బల్ల దగ్గరే భోంచేశాడు. దుక్కలా ఉన్నాడు. మాంసం వేడిగా లేదని నౌకర్ని తిట్టాడు కూడా."

అందరూ సైలస్ వైపు చూశారు.

"బతికే ఉన్నాడా..." అన్నాడు సైలస్. "అయితే... ఆ ఇంట్లో ఉన్నదెవరు? మంచులో నేను మోసిన ఆ మనిషి ఎప్పుడు చచ్చాడు?"

సైలస్ మెల్లగా లేచాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టి, వీపు మీంచి జారిపోతున్నదేదో జాగ్రత్తగా పైకి సర్దుకుని... చీకట్లోకి నడిచాడు.