ఐస్ లేని పెట్టె

"మొక్క కాదు. మొక్క ముక్క," అన్నాడు చీఫ్ జగన్నాధం.

శ్రీకాకుళంలో నాగావళి వంతెన పక్కన ఆగి ఉన్న కారులో బ్రీఫింగ్ జరుగుతోంది.

"నేలవేము ఆకు నుంచి ల్యాబ్‌లో పెంచిన కణజాలం. ఏ యాంటీబయాటిక్‌కీ లొంగని బ్యాక్టీరియాని దాని సారం చంపుతోంది. నిన్న కల్చర్లన్నిటిలో ఫినాయిల్ పోసి, ఒక్క సీసా ఎత్తుకెళ్ళారు."

"అరుణశ్రీ పనే," అంది ఏజెంట్ ఝాన్సీ.

అరుణశ్రీ ఆ ల్యాబ్ సెక్యూరిటీ ఆఫీసర్. పట్టుచీర, పెర్ఫ్యూమ్, ఎర్రరంగు గోళ్ళు. డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చే సమాచారాన్నే ఒక విదేశీ ముఠాకీ అమ్మేది.

"మిగతావి నాశనమైతే మందు ముఠాది, ధర ముఠాది. చేపల పెట్టెలో పెట్టి చీపురుపల్లి స్టేషన్ నుంచి విశాఖకి పంపుతున్నారు. పోలీసులు కనిపిస్తే సీసా దక్కదు. నువ్వే వెళ్ళాలి."

ఝాన్సీ తలూపింది. పోయిన ఏడాది, చేపలమ్మే ఆమె అక్క దేవి కాలికి చేపముల్లు గుచ్చుకుంది. ఆ పుండుకి ఏ మందూ పనిచేయలేదు. ఆ సంగతి ఝాన్సీ ఎవరితోనూ మాట్లాడదు.

చీపురుపల్లి ప్లాట్‌ఫారం మీద ఝాన్సీ చేపలమ్మే మనిషిలా తట్ట దించింది. కూలీ వేషంలో ఉన్న ఏజెంట్ త్రినాథ్ దగ్గరకొచ్చాడు.

"కవ్వళ్ళ సేపలున్నాయేటి?"

"ఉన్నాయి గానీ ఉప్పులో ఏసీసినాం."

కోడ్ కలిసింది. త్రినాథ్ గొంతు తగ్గించాడు.

"పెట్టెలు గుట్టగా ఉన్నాయప్పా. మన స్కానర్ గాజునే పడతాది. సీసా ప్లాస్టిక్‌దట. ఏటి సేద్దాం?"

ఝాన్సీ గాలి పీల్చింది. వెంటనే ముక్కు మూసుకుంది. థర్మాకోల్ పెట్టెలన్నిటి కిందా ఐస్ నీళ్ళు కారుతున్నాయి. ఒక్క పెట్టె కింద మాత్రం నేల పొడిగా ఉంది. దాని మీద ఈగలు.

"అదే. ఐస్ ఎయ్యనేదు. ఎయ్యలేరు. సలి తగిల్తే సీసాలో ఆ మొక్క ముద్ద సచ్చిపోతాది. అందుకే సేపల్ని కుళ్ళబెట్టీసినారు."

"ఛీ. తినే సరుకు," అన్నాడు త్రినాథ్.

ఆమె మూత తీసింది. పొట్టలు పగిలిన చేపలు, జిగురు నీళ్ళు. చేపల మధ్య పాలిథిన్ సంచి, అందులో సీసా కనిపించాయి. ఆమె చెయ్యి పెట్టేలోపే ఎర్రగోళ్ళ చెయ్యి ఒకటి దాన్ని లాక్కుంది.

అరుణశ్రీ. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, సీసా బయటికి తీసి వెనక్కి జరిగింది.

"అడుగు వేశావంటే మూత తీసి ఉమ్మేస్తాను. నాకు దక్కనిది ఎవరికీ దక్కదు."

ఝాన్సీ ఆగిపోయింది. బ్యాక్టీరియాని చంపేది పెరిగిన కణజాలం నుంచి తీసిన సారం. ఈ లేత ముద్దకి ఇంకా ఆ బలం లేదు. అది పెరిగే చక్కెర జెల్లీలో ఒక్క ఉమ్ము పడితే రేపటికి అంతా బూజే.

రైలు వచ్చి ఆగింది. అరుణశ్రీ బోగీ మెట్టు దగ్గర నిలబడి, మూత చుట్టూ ఉన్న ఫిల్మ్‌ని గోళ్ళతో ఒలవసాగింది.

"ఎన్ని సబ్బులు రుద్దినా ఈ కంపు నిన్ను వదలదు, ఝాన్సీ. మీ పుట్టుకే అంత."

"మాది కడిగితే పోతాది," అంది ఝాన్సీ.

రైలు కూత వేసింది. ఝాన్సీ పెట్టె వైపు కదిలింది. అరుణశ్రీ ఉమ్మడానికి పెదాలు ముందుకు చాపింది. వేళ్ళు మూత మీద బిగిశాయి.

ఝాన్సీ చెయ్యి పెట్టెలోకి వెళ్ళి వచ్చింది. కుళ్ళిన చేప ఒకటి అరుణశ్రీ నోటికి అడ్డంగా అతుక్కుంది. చేప తల నోట్లోకి పోయింది. ఆమె రెండు చేతులూ మొహం మీదికి వెళ్ళాయి. సీసా జారింది. ఝాన్సీ కొంగు పరిచి పట్టింది. ఫిల్మ్ సగం ఊడింది. మూత మాత్రం కదలలేదు.

రైలు వెళ్ళిపోయాక త్రినాథ్ బేడీలు వేస్తుంటే అరుణశ్రీ పట్టాల మీదికి వంగి వాంతి చేసుకుంది.

"ఇన్ఫెక్షన్ వస్తుంది... మందు... ఏదైనా మందివ్వండి."

ఝాన్సీ సీసాని ఎండకెత్తి చూసింది. లేత ఆకుపచ్చ ముద్ద, చింతగింజంత ఉంది.

"ఇస్తాం. ముందు ఇది పెరగాలి కదా. ఈలోగా పుక్కిలించు."