చిటికెన వేలు

స్టమాట్ పోయి ఆ రోజుకి మూడేళ్లు. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా డోబ్రీన కిందికి దిగి, ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం భర్త ఫోటోతో వర్ధంతి తెలిపే కొత్త కాగితాన్ని అపార్ట్‌మెంట్ వీధి తలుపుకి అంటించసాగింది. నిరుటి కాగితం ఎండకి వెలిసిపోయింది. దాని మీదే ఇది పెట్టి నాలుగు మూలలా టేపు వేసింది. సముద్రం వైపు గాలికి కింది మూల ఒకటి మాత్రం ఎంత అదిమినా నిలవలేదు. ఇవాళే ఇలా ఊడటం ఆమెకి మంచిగా తోచలేదు.

ఫోటోలో స్టమాట్ బతికున్నప్పటిలాగే చూస్తున్నాడు. ఆ ముఖం చూసి ఎవరూ ఏమీ తెలుసుకోలేరు.

కింది వాటా కేర కూరల సంచీతో వస్తూ ఆగింది. "వదిలెయ్ డోబ్రీనా. బతికున్నప్పుడు మాత్రం మీ ఆయన ఒకచోట నిలిచాడా ఏంటి?"

"ఇలాంటి రోజు కూడా నీకు వేళాకోళమేనా కేరా."

"సర్లే. మీ అమ్మాయి శ్మశానానికి వస్తోందిగా? నిన్న బీపీ మాత్రలకి మందుల షాపుకెళ్తే, జోర్నిత్స వారం రోజులు సెలవని చెప్పారు."

"వారమా?" అంది డోబ్రీన. ఆమెకి తెలిసింది ఒక్క రోజే.

నాలుగంతస్తుల మెట్లెక్కేలోపు ఆమె మనసు ఎక్కడెక్కడికో వెళ్లొచ్చింది. పిల్లకి ఏదో జబ్బు, తనకి చెప్పకుండా ఆసుపత్రిలో చేరుతోంది. కాదు, ఉద్యోగం పోయింది. కాదు, ఎవడినో నమ్మి ఊరు దాటిపోతోంది. గబగబా తలుపు తీసింది.

ఇరవయ్యారేళ్ల జోర్నిత్స వంటింట్లో కూర్చుని కాఫీ తాగుతోంది. సమాధి దగ్గర పంచడానికి ముందు రోజు ఉడికించిన గోధుమలు చక్కెర కలిపి గిన్నెలో ఉన్నాయి. పక్కన వైన్ సీసా, రెండు కొవ్వొత్తులు.

"పదింటికి బయల్దేరదాం జోరీ."

"నేను రాలేనమ్మా. షాపులో ఇద్దరు మానేశారట, రమ్మన్నారు. సాయంత్రం నేనొక్కదాన్నే వెళ్లొస్తాలే."

మాట పూర్తవకముందే ఆ పిల్ల చిటికెన వేలు బల్ల మీది ఉప్పు గిన్నెని మెల్లగా జరిపింది. గిన్నె బల్ల అంచుకి సరిగ్గా వరసలోకి వచ్చాక ఆగింది.

డోబ్రీన అది చూసింది. ఐదేళ్లప్పుడు బాల్కనీలో పిల్లిపిల్లని దాచి, 'ఏం లేదే' అంటూ చెంచాని ఇలాగే సరిచేసింది. పదో తరగతిలో లెక్కలు తప్పినప్పుడూ ఇంతే. తను ఏనాడూ ఈ సంగతి పైకి అనలేదు. ఆ వేలు చెప్పేది వింటూ, దాన్ని బట్టే ఇన్నేళ్లూ పిల్లని కాచుకుంటూ వచ్చింది.

"ఏ షాపు?" అంది. "నువ్వు సెలవు పెట్టిన షాపేనా?"

జోర్నిత్స కప్పు కింద పెట్టింది. "కేర పిన్ని చెప్పిందా."

"ఎవరు చెప్తే నీకెందుకు. ఏం జబ్బో చెప్పు. దాచకు."

"జబ్బేంటమ్మా. బీచి దగ్గర హోటల్లో పోకర్ పోటీ. ఇవాళ మధ్యాహ్నం మొదలు, వారం నడుస్తుంది."

జబ్బు కాదని తెలిసిన ఊరట ఒక్క క్షణం కూడా నిలవలేదు. "మీ నాన్న సమాధి కాడికి రాకుండా పేకాటకా? జూదగాళ్ల మధ్యకా? ఇవాళ నీ వెనకాల నీళ్లు పొయ్యను, చెప్తున్నా. వెళ్లిన పని నీళ్లలా సాఫీగా సాగాలని పరీక్షలకి పోశాను, ఉద్యోగానికి పోశాను. దీనికి మాత్రం పొయ్యను."

"పొయ్యకు. రెండేళ్ల నుంచి నువ్వు పొయ్యకుండానే వెళ్తున్నాగా."

"రెండేళ్లా?" డోబ్రీన కుర్చీలో కూలబడింది.

జోర్నిత్స సంచీలోంచి అంచులు నలిగిన నోటుపుస్తకం తీసి తల్లి ముందు పెట్టింది. పేజీల నిండా చిన్న చిన్న అక్షరాలు. "చూడు. జూదమైతే ఇంత చదువుతానా? అందరికీ ముందు సమానంగా పందెం బిళ్లలిస్తారు. అవి అయిపోయినవాళ్లు లేచిపోవాలి. గంట గడిచేకొద్దీ పందెం పెరుగుతుంది. ఓపికున్నవాళ్లే మిగులుతారు. మొదట్లో ప్రతి పేకకీ ఎగబడేదాన్ని. ఇప్పుడు గంటసేపైనా ముక్కలు కింద పడేసి ఊరుకోగలను. ఆడిన ప్రతి ఆటా ఇంటికొచ్చి రాసుకుంటున్నా, ఎక్కడ తప్పానో చూసుకుంటున్నా."

"మరి గెలిచావా?"

"లేదు." గొంతు తగ్గింది. "పదమూడో స్థానం. పదకొండు. మళ్ళీ పదకొండు. ఆఖరికి మిగిలినవాళ్లు ఆడే చివరి బల్ల దాకా ఒక్కసారీ పోలేదు. లెక్క తప్పడం లేదమ్మా, పదిసార్లు చూసుకున్నా. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు పందెం కాయాల్సిన వేళలుంటాయి. నేనలా కాసిన ప్రతిసారీ ఎవడో ఒకడు పట్టేస్తాడు. నా ముక్కలు వాళ్లకి కనబడుతున్నట్టే."

"కనబడవా మరి?" కోపంలో డోబ్రీన నోరు జారింది. "వాళ్ల ముందు బిళ్లలు సర్దుతూ ఉంటావు, నా ముందు ఉప్పు గిన్నె సర్దినట్టు. చిన్నప్పట్నుంచీ నువ్వు అబద్ధమాడితే ఆ చిటికెన వేలు ఊరుకోదు."

జోర్నిత్స ముందు ఉప్పు గిన్నెని, తర్వాత తన చేతిని చూసుకుంది. ఎవరిదో చేతిని చూసినట్టు చూసుకుంది.

"బిళ్లల దొంతర్లు," అంది నెమ్మదిగా. "వరసగా లేకపోతే సరిచేస్తా. అవునమ్మా, సరిచేస్తా."

లేచి సొరుగులోంచి పేకముక్కలు తెచ్చింది. చక్కెర బిళ్లల డబ్బా బల్ల మీద బోర్లించి చిన్న దొంతర్లుగా పేర్చుకుంది. "నన్ను అడుగు. మంచి ముక్కలా, కాదా అని. ఒక్క ఐదు నిమిషాలు."

డోబ్రీనకి వద్దనాలనుంది. కానీ ఆ పిల్ల తనని ఏదైనా అడిగి ఎన్నాళ్లయిందో. "మంచి ముక్కలేనా?" అంది.

"మంచివే."

వేలు చక్కెర దొంతరని తాకింది. "అబద్ధం," అంది డోబ్రీన.

రెండోసారీ పట్టుకుంది. మూడోసారి వేలు కదలబోయి ఆగింది. నాలుగోసారి జోర్నిత్స రెండు చేతులూ ముడిచి గడ్డం కింద పెట్టుకుని, తల్లి కళ్లలోకి చూస్తూ "మంచివే" అంది. వేలు కదల్లేదు. రెప్ప కదల్లేదు.

డోబ్రీనకి ఏమీ తెలియలేదు. ఎదురుగా తన కూతురు లేదు. కింద వీధి తలుపు మీది ముఖం ఉంది.

"చాలు," అంది. "చాలు, ఆపు." ముక్కలు చేత్తో తోసేసింది. అవి నేల మీద పడ్డాయి.

"అమ్మా, ఏమైంది?"

"మీ నాన్న ఇక్కడే కూర్చున్నాడు. ఆ రోజు, పోయిన రోజు. రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు. నుదుటి మీద చెమట. ఏంటండీ అంటే, ఏం లేదు, ఉక్కగా ఉందన్నాడు. ఫిబ్రవరిలో ఉక్కేంటి జోరీ. ముఖం చూశాను. ఏమీ కనబడలేదు. సరేలే అనుకుని కిటికీ తీశాను." అరచేతులతో కళ్లు తుడుచుకుంది. "కిటికీ తీశానే. డాక్టర్ని పిలవలేదు. ముప్ఫయ్యేళ్లు కాపురం చేసి ఆ మనిషి ముఖం చదవలేకపోయాను. నువ్వలా కావు, నీది నాకు తెలుస్తుంది అనుకుని నిద్రపోతున్నా. ఇప్పుడు దాచడం నేనే నేర్పాను."

జోర్నిత్సకి కిటికీ సంగతి తెలియదు. మూడేళ్లుగా ఎంత ఉక్కలోనూ తల్లి ఆ కిటికీ ఎందుకు తెరవనివ్వదో, ఎందుకు ముట్టుకోదో ఇప్పుడర్థమైంది. నేల మీద మోకాళ్ల మీద కూర్చుని తల్లి ఒడిలో తల పెట్టింది.

"నీకు చెప్తే రాత్రంతా కూర్చుంటావని చెప్పలేదమ్మా. నీ భయం చూడలేక."

"చెప్పకపోతే మాత్రం పడుకున్నానా?"

"నాలుగింటి దాకా చేరొచ్చు," అంది జోర్నిత్స కాసేపటికి. "పోటీలో. ఆలస్యంగా వెళ్లినా కూర్చోనిస్తారు. పద, ముందు నాన్న దగ్గరకి."

ఇద్దరూ వెళ్లారు. సమాధి మీద వైన్ పోశారు, కొవ్వొత్తులు గాలికి మూడుసార్లు ఆరితే మూడుసార్లు వెలిగించారు. ఎదురైనవాళ్లకి గోధుమలు పంచారు. దారిలో పోకర్ మాట ఎత్తలేదు. మూడోసారి కొవ్వొత్తి ఆరినప్పుడు డోబ్రీన మనసు కీడు శంకించింది గాని, చెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ వెలిగించింది.

మూడింటికి జోర్నిత్స నోటుపుస్తకం సంచీలో వేసుకుని మెట్లు దిగింది. వెనకే డోబ్రీన రాగి చెంబుతో దిగడం చూసి నడక నెమ్మది చేసింది. వీధి తలుపు మీద కాగితం కింది మూల మళ్ళీ ఊడి గాలికి కొట్టుకుంటోంది.

"అక్కడ దాచుకో," అంది డోబ్రీన. "వాళ్లందరి దగ్గరా దాచుకో. నా దగ్గర ఎలాగే? నాకిక ఎలా తెలుస్తుంది?"

జోర్నిత్స సంచీ భుజానికి తగిలించుకుంది.

"భయంగా ఉందా?"

"లేదమ్మా," అంది జోర్నిత్స. ముఖంలో ఏమీ లేదు, అచ్చం తండ్రి ముఖం. "నాకేం భయం."

అంటూనే చెయ్యి చాపి, కొట్టుకుంటున్న ఆ కాగితం మూలని చిటికెన వేలితో మెల్లగా జరిపింది. తలుపు అంచుకి సరిగ్గా వరసలోకి వచ్చేదాకా జరిపి, అక్కడే ఉంచింది, తల్లి చూసేదాకా.

డోబ్రీన చూసింది. కళ్లు మసకబారి మెట్టు కనబడలేదు. అయినా చెంబు వంచి, బయట అడుగు పెడుతున్న కూతురి వెనకాల దారి పొడుగునా నీళ్లు పోసింది.