మైలవరం నీళ్ళలో తెరచాప

"దిగండి! ఎవురు ఎక్కమనింది మిమ్మల్ని?"

మైలవరం డ్యామ్ ఒడ్డున ఆ అరుపుకు పెళ్ళికూతురు జడుసుకుంది. పెళ్ళికొడుకు పడవలోంచి ఒక్క దూకు దూకాడు. కెమెరా కంటికి ఆనించుకున్న నాసిర్ మాత్రం కదల్లేదు. ప్రొద్దుటూరులో ఏడేళ్ళుగా పెళ్ళి ఫోటోలు తీస్తున్నవాడు, అరుపులు అతనికి కొత్త కాదు.

"రెండే నిమిషాలు మేడమ్. పాత పడవే గదా!"

"పాతదా?" అరిచిన అమ్మాయి దగ్గరికొచ్చింది. చున్నీ నడుముకు బిగించి ఉంది, చేతిలో నూనె గుడ్డ. "కండ్లు యాడ పెట్టుకున్యావప్పా? మా అబ్బా రెండేండ్లుగా చేస్తాండాడు దీన్ని. పొద్దున్నే నూనె పట్టించినా. ఆ హీల్స్ గుర్తులు చూడు!"

నిజమే. టేకు పలక మీద చిన్న చిన్న గుంటలు. నాసిర్‌కు సిగ్గేసింది. షూట్ ఇంకోచోట ముగించి, జంటను కారెక్కించి, తిరిగొచ్చి ఆమెనే గుడ్డ అడిగి తీసుకుని పలక రుద్దసాగాడు.

ఆమె పేరు నౌషీన్. జమ్మలమడుగులో పాలిటెక్నిక్ చదివింది. తండ్రి అబ్దుల్ వాహిద్ ఇరవై రెండేళ్ళు గల్ఫ్‌లో కొయ్య పడవలు చేసిన వడ్రంగి. అక్కడ రంపానికి కుడిచేతి రెండు వేళ్ళు పోయాక ఇంటికొచ్చేశాడు.

"అన్ని పడవలు చేసినా గదప్పా," అన్నాడాయన పడవ దగ్గరికొచ్చి, "ఒక్కదాంట్లో కూడా తెరచాప ఎత్తి పోలేదు. అన్నీ షేకులవే. ఇది నాది."

ఆ సాయంత్రం నాసిర్ పడవను ఫోటో తీసి చూపించాడు. నౌషీన్ పెదవి విరిచింది.

"పెళ్ళికూతుర్ని తీసినట్టు తీసినావు. అంతా మేకప్పే! వంపు యాడుంది? ఈ పలక చూడు. ఆవిరి పట్టించి, మెల్లగా వంచి, ముక్కు దాకా తెచ్చినాం. కింద కూచోని చూడు."

కూర్చుని చూశాడు. ఎండ ఆ పలక వెంబడి పడవ ముక్కు దాకా జారిపోయింది. ఇంత అందమైన గీత ఏడేళ్ళలో చూడలేదనుకున్నాడు. పక్కనే వంగిన ఆమె చెంప కనిపించాక ఆ మాట సవరించుకున్నాడు.

ఇక ప్రతి శుక్రవారం నమాజు కాగానే అతని బైకు మైలవరం దారి పట్టేది.

ఒకరోజు ఒడ్డునుండగా అమ్మ అమీనాబీ ఫోన్ చేసింది. "ఏందిరా, ఆడ ఎవురన్నా పిల్లను చూసుకున్యావా?"

"అట్లాంటిదేం లేదమ్మా! పడవ కోసమే పోతాండా. బెంగళూరు మ్యాగజైన్ వాళ్ళు తెరచాప ఎత్తిన ఫోటో అడిగినారు. అది తీస్తే అయిపోయినట్టే."

ఫోన్ పెట్టి తిరిగితే నౌషీన్, చేతిలో రెండు టీ గ్లాసులు.

"అయిపోయేదాకా రా అయితే," అని ఒక గ్లాసు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. తర్వాత రెండు వారాలు అతనితో మాట్లాడలేదు.

పడవ నీళ్ళలో దించే రోజొచ్చింది. ఒడ్డున జనం. చుక్కాని దగ్గర నౌషీన్ కూర్చుంది. తెరచాప తాడు పట్టుకోవాల్సిన వాహిద్ మేనల్లుడు జ్వరమని రాలేదు. వాహిద్ తనే పట్టబోయాడు. మూడు వేళ్ళ చేతిలోంచి తాడు జారింది. మళ్ళీ పట్టాడు, మళ్ళీ జారింది.

"ఇంకోరోజు పోదాంలేమ్మా," అన్నాడు తలెత్తకుండా.

నాసిర్ కెమెరా సంచిలో పెట్టేసి నీళ్ళలోకి దిగాడు.

"ఫోటో?" అంది నౌషీన్.

"తాడెట్ల పట్టుకోవల్లో చెప్పు."

"ఈతొచ్చునా?"

"రాదు."

ఆమె లైఫ్ జాకెట్ విసిరింది.

తెరచాప టప్పున గాలి నింపుకుంది. పడవ ఓ పక్కకు ఒరిగి నీళ్ళు చీల్చుకుంటూ పోయింది. తాడు అరచేతులు కోస్తున్నా నాసిర్ వదల్లేదు. ముందు కూర్చున్న వాహిద్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"నౌషీన్! ఆ పొద్దు అమ్మతో అబద్ధం చెప్పినా!"

"గట్టిగా చెప్పు, ఇనపడలే!"

"నీ కోసమే వస్తాండా! నిన్ను నిఖా చేసుకుంటా!"

ఒడ్డున ఎవరో ఈల వేశారు.

"ముందు తాడు కొంచెం వదులు, మునిగిపోతాం!" అంది నౌషీన్. చెవుల దాకా ఎర్రబడింది. "చేసుకుందాం. నాకూ ఇష్టమే."

నాసిర్ భయంగా ముందుకు చూశాడు. వాహిద్ వెనక్కి తిరగలేదు.

"మీ అమ్మను పిల్చుకొని రాప్పా, మాట్లాడుకుందాం," అన్నాడు.

నౌషీన్ గొంతు సవరించుకుంది. "అబ్బా, ఒడ్డుకు తిప్పనా?"

"ఎందుకు? శానా గాలుంది గదా. పోనీ!"