టీవీ వాళ్లు వద్దన్న పాట

శుక్రవారం పొద్దున దెబోరా ఆసుపత్రిలో నైట్ డ్యూటీ దిగి మస్కట్ శివారు అల్ ఖౌద్‌లోని ఫ్లాట్‌కి వచ్చేసరికి భర్త మనోహరం అప్పటికే స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పక్కన కూతురు సెలిన్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆ సాయంత్రం ఘలాలో ఉన్న చర్చి ఆవరణలో వాళ్ల అబ్బాయి స్యాం జ్ఞాపకార్థ కూడిక. పోయి ఏడాది అయింది. మలయాళీలు హాలు ఖాళీ చేశాక, ఫిలిప్పీన్స్ వాళ్లు వచ్చేలోపు తెలుగువాళ్లకి దొరికే కాస్త సమయంలోనే పాట, ప్రార్థన, సాక్ష్యం, బిర్యానీ ప్యాకెట్లు అన్నీ అయిపోవాలి. మధ్యలో స్యాం ఫొటోలతో ఓ చిన్న వీడియో. చేసే పని సెలిన్‌ది, చూసి సరే అనే పని మనోహరంది.

సరే అనడం, వద్దనడం ఆయనకి చేతికి అలవాటైన పనే. పగలు కంపెనీలో స్టోర్ చూసుకుంటాడు, తెలుగు సహవాసానికి సెక్రటరీ. క్రిస్మస్‌కి పిల్లలు ఏ పాటకి అడుగేయాలన్నా ముందు ఆయన ఎదుట వేసి చూపించాలి. నడుము కదిలితే వద్దు, చేతుల్లేని గౌను వద్దు, చప్పుడు ఎక్కువైతే వద్దు. పిల్లలు వెనకాల ఆయన్ని సెన్సార్ అంకుల్ అంటారన్న సంగతి ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

వీడియోలో స్యాం బాప్తిస్మం, పదో తరగతి మార్కులు, మస్కట్ బీచిలో చెల్లెల్ని భుజాల మీద ఎక్కించుకున్న ఫొటో, అన్నీ వరసగా వెళ్లాయి. మనోహరం తలాడిస్తూ చూశాడు. చివర్లో తెలియని భాషలో ఓ ఆడగొంతు మెల్లగా పాడటం మొదలుపెట్టేసరికి ఆయన వీడియో ఆపాడు.

"ఇదేం పాటమ్మా?"

"కొరియా పాట డాడీ. అన్నయ్యకి చాలా ఇష్టం. హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఇద్దరం కలిసి వినేవాళ్లం."

"కొరియా వాళ్లకీ దేవుడి సన్నిధికీ సంబంధం ఏంటి? దీని పేరు చెప్పు."

పేరు చెప్పగానే ఫోన్లో వెతికాడు. చదువుతున్నకొద్దీ ఆయన ముఖం ముడుచుకుపోయింది.

"చూశావా దెబోరా! వాళ్ల దేశంలో టీవీ వాళ్లే దీన్ని మేం వేయం పొమ్మన్నారంట. సొంతింటివాళ్లే గడప తొక్కనివ్వని దాన్ని మీ అమ్మాయి చర్చిలో వేస్తానంటోంది."

దెబోరాకి కళ్లు మండుతున్నాయి. రాత్రంతా నిద్ర లేదు. "ఏదో ఒకటి తీసేసి వేరేది పెట్టవే తల్లీ," అంది చెప్పులు విప్పుతూ.

"అక్కడ టీవీ వాళ్లు చాలా వాటిని వద్దంటారు మమ్మీ," అంది సెలిన్. "కూర్చుని ఒక్కో పాటా చూస్తారు. చొక్కా మీద కంపెనీ పేరు కనబడితే వద్దు. కార్లో బెల్టు పెట్టుకోకపోతే వద్దు. ఒంటి మీద టాటూ ఉంటే దాని మీద టేపు వేసుకుని రావాలి. అప్పుడు పాట తీసినవాళ్లు అవన్నీ కోసేసి టీవీ కోసం ఇంకోటి చేసిస్తారు."

"మరి ఆ కోసేసిందే పెట్టు."

"అందులో ఏం మిగల్లేదు డాడీ. ఊరికే నవ్వుతూ ఉంటుంది ఆ అమ్మాయి."

"నవ్వితే మంచిదేగా! అసలు దీన్నెందుకు వద్దన్నారు?"

సెలిన్ తల్లి ముఖంలోకి చూసింది. చెప్పనా వద్దా అన్నట్టు చూసి, చెప్పేసింది. "ఇందులో అమ్మాయి చచ్చిపోదామనుకుంటుంది. అందుకు."

మనోహరం లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని ఆ పాటని తీసేశాడు. దాని చోట అందరికీ తెలిసిన ఆదరణ కీర్తన ఒకటి పెట్టాడు. స్యాం నవ్వుతున్న ఫొటోల మీద కీర్తన చక్కగా సరిపోయింది.

"బాగుంది," అంది సెలిన్. "అన్నయ్య చావుని కూడా టీవీలో వేసేలా కోసేశారు. గుండెపోటంట. చల్లగా నిద్రలో పోయాడంట. ఎవరు చూసినా ఏ ఇబ్బందీ లేదు."

దెబోరా చెయ్యి లేచిపోయింది. చెంప మీద పడ్డాక గానీ కొట్టానని ఆవిడకే తెలియలేదు. పదహారేళ్లలో ఆ పిల్లని కొట్టడం అదే మొదలు. సెలిన్ ఏడవలేదు. గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

గుండె ఆగని చావంటూ ఎక్కడైనా ఉంటుందా? అందుకే ఏడాది కింద దెబోరాకి ఆ మాట నోటికి తేలిగ్గా వచ్చింది. గుంటూరు హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్న స్యాం తన ప్రాణం తనే తీసుకున్నాడు. పోలీసులు, కాగితాలు అన్నీ గుంటూరులోనే తేలిపోయాయి. బాపట్ల దగ్గర సొంతూరికి చేరింది పెట్టె, దాని వెనకాల దెబోరా మాట. ఇరవయ్యేళ్ల సర్వీసున్న నర్సే గుండెపోటు అంటే కాదనే మొనగాడెవడు? ఆ ఊరి సమాధుల తోటలో ప్రాణం తీసుకున్నవాళ్లకి చోటివ్వరు. వెనకోసారి అలాగే పోయిన ఓ కుర్రాణ్ణి కాలవ గట్టున పాతిపెట్టారు. పాస్టరు అయ్యగారు రాలేదు, ఒక్క కీర్తన కూడా పాడలేదు. తన బిడ్డకి ఆ గతి పట్టకూడదని ఆవిడ అబద్ధం ఆడింది. తల్లి కదా, ఆడక చస్తుందా! కానీ పాతిపెట్టడం కోసం ఆడిన అబద్ధం పాతిపెట్టడంతో పోలేదు. విమానమెక్కి వెంట వచ్చింది. ఇంట్లో స్యాం పేరెత్తితే మనోహరం మాట మార్చేవాడు. సెలిన్ ఏదైనా అడగబోతే దెబోరా వంటింట్లోకి వెళ్లిపోయేది.

మూసిన తలుపు చూసేసరికి దెబోరా పరుగున వెళ్లి దాన్ని బాదింది. ఏడాది కిందట హాస్టల్ వార్డెన్ ఫోన్లో చెప్పిన మొదటి మాట కూడా తలుపు గురించే.

"సెలిన్! గడియ తీయవే!"

"పడుకున్నా మమ్మీ," అంది లోపలి నుంచి.

ఆ గొంతు వినబడ్డాక అక్కడే నేల మీద, తలుపుకి ఆనుకుని కూలబడింది. నిద్ర ఎలాగూ రాదు. తన ఫోన్లో ఆ పాట వెతికింది. కొడుకు చెవిలో అంతగా ఏం పోసిందో చూద్దామని, ఒకరకంగా కోపంతోనే పెట్టింది.

సాయంత్రం వేళ, వంతెన మీద ఓ అమ్మాయి ఒంటరిగా నిలబడి ఉంది. కిందకి చూస్తోంది. చూడలేక దెబోరా ఆపేయబోయింది. లోపల మంచం కిర్రుమంది. అది వింటూ ఆగిపోవడంతో పాట సాగిపోయింది. వంతెన మీద ఏవో వేయించి అమ్ముకునే ముసలావిడ ఒకతె వచ్చి అమ్మాయి పక్కన కూర్చుంది. అమ్మాయి నోరు తెరిచి, ముక్కు కారుతూ, పసిపిల్లలా ఏడ్చింది. ముసలావిడ కళ్లు తుడవలేదు, బుద్ధులు చెప్పలేదు. అడుగున ఇంగ్లీషులో ఆవిడ మాట కనబడింది. ఏడువమ్మా, నాకేం తొందర లేదు. తెల్లారేసరికి ఇద్దరూ వంతెన దిగి ఊళ్లోకి నడిచి వెళ్లిపోయారు. అంతే పాట.

చావు పేరు వినగానే ఆ టీవీ వాళ్లు చెవులు మూసుకున్నారు. బతుకు ఆ తర్వాత ఉంది. వాళ్ల సంగతి మనకెందుకు, ఏడాదిగా తాను చేసిందీ అదే కదా అనుకుంది దెబోరా. ఈ పాట మొత్తం విన్న కొడుకు కూడా పోయాడు, పాట ఎవరినీ ఆపలేదు. కానీ వాడు నోరు తెరిచి ఏడవడానికి పక్కన మనిషి లేడు. ఇప్పుడు తలుపు అవతల ఇంకో పిల్ల ఉంది.

"తల్లీ, ఆ పాట మొత్తం చూశాను. తలుపు తీయి. కొట్టింది నాదే తప్పు."

చాలాసేపటికి గడియ చప్పుడైంది. సెలిన్ చెంప ఇంకా ఎర్రగానే ఉంది. వార్డులోకి చావాలనుకున్నవాళ్లు వస్తే తిప్పి తిప్పి కాకుండా సూటిగా అడగాలని దెబోరాకి ఎప్పుడో నేర్పారు. ముక్కూ మొహం తెలియనివాళ్లని ఎందరినో అడిగింది. కన్నకూతుర్ని అడగడానికి నోరు రాలేదు. బలవంతాన అడిగింది.

"నీకు కూడా చచ్చిపోవాలనిపిస్తోందా?"

సెలిన్ నేల చూసింది. "అప్పుడప్పుడు. నాకే తెలియదు మమ్మీ. అన్నయ్య ఆ రోజు నాకు ఫోన్ చేశాడు. టెస్ట్ ఉంది, తర్వాత చేస్తానన్నా. ఎవరికి చెప్పుకోను? గుండెపోటుతో పోయాడని అందరికీ చెప్పాక, నా వల్ల అని నేనెవరి దగ్గర ఏడవను?"

దెబోరా పిల్లని ఒళ్లోకి లాక్కుంది. ఇద్దరూ గుమ్మంలోనే కూర్చుని ఏడ్చారు. ఏడుపు కాస్త తగ్గాక, "నీ వల్ల కాదు. నేను తల్లిని, నర్సుని, నాకే తెలియలేదు. రేపు మనం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. నేను పక్కనే ఉంటా," అంది.

తల ఎత్తి చూస్తే హాల్లో మనోహరం నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"ఇవాళ నిజం చెప్పేద్దామండీ," అంది దెబోరా.

"నీకు మతి పోయిందా? ఊళ్లో అయ్యగారు, మా అన్నయ్యలు వీడియో కాల్లో చూస్తుంటారు. వాణ్ణి తోటలో ఉంచుతారనుకుంటున్నావా? తవ్వి తీయమంటారే!" అన్నాడాయన. "చచ్చాక అయినా వాణ్ణి నలుగురి మధ్య పడుకోబెట్టాను. నేను చేయగలిగింది అదొక్కటే దెబోరా."

ఏడాదిగా ఆయన్ని రాతి మనిషి అనుకుంది దెబోరా. ఆ రాయి కింద ఆరడుగుల నేల కోసం ఇంత భయం ఉందని ఆవిడకి తెలియదు. జాలి వేసింది. అయినా వెనక్కి తగ్గలేదు.

"సమాధి కాపాడుకుంటూ కూర్చుంటే దీన్ని ఎవరు కాపాడతారండీ?"

ఆయన వెళ్లి లాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాడు.

సాయంత్రం హాలు నిండింది. స్టాండు మీద పెట్టిన ఫోన్లో బాపట్ల వైపు చుట్టాలు, వాళ్ల మధ్య పాస్టరు అయ్యగారు కనబడుతున్నారు. కీర్తన అయింది. వీడియో అయింది. మనోహరం పెట్టినట్టే స్యాం మొదటి నుంచి చివరి దాకా నవ్వుతూనే ఉన్నాడు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. తర్వాత సాక్ష్యం చెప్పడానికి మనోహరం మైకు అందుకున్నాడు. దెబోరా సెలిన్ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆయన చెప్పకపోతే తనే లేచి చెబుదామనుకుంది.

"నా కుమారుణ్ణి దేవుడు నిద్రలో..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆ మాటలు ఆయనకి కంఠతా వచ్చు, ఏడాదిగా చెప్తున్నవే. కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల తల వంచుకుని ఉంది.

"కాదు," అన్నాడు. "మా స్యాం గుండెపోటుతో పోలేదు. బతకలేక, ఎవరికీ చెప్పుకోలేక తనే ప్రాణం తీసుకున్నాడు. మేం మీ అందరికీ అబద్ధం చెప్పాం."

వెనక వరసలో షీబా, దెబోరాతో పాటు డ్యూటీ చేసే నర్సు, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కింది. ఫోన్లో ఊళ్లోవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చివరికి అయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"మనోహరం గారూ, ఇది నా ఒక్కడి చేతిలో లేదండీ. తోట విషయం సంఘ పెద్దల ముందు పెట్టాలి."

"పెట్టండి అయ్యగారూ. తీయమంటే వచ్చి నేనే తీస్తాను, కాలవ గట్టునే పెట్టుకుంటాను." మనోహరం కూతురి వైపు తిరిగాడు. "వాడికి చోటు కోసం నా కూతురి నోరు నొక్కాను. ఇంక నొక్కలేను."

ప్రార్థన ఎవరు చేశారో, ఎలా ముగిసిందో దెబోరాకి గుర్తులేదు. కొందరు పలకరించకుండానే ప్యాకెట్లు తీసుకుని వెళ్లిపోయారు. షీబా మాత్రం సెలిన్‌ని చాలాసేపు హత్తుకుని నిలబడింది.

కారు హైవే ఎక్కాక మనోహరం అద్దంలోంచి వెనక సీటు వైపు చూశాడు.

"ఇప్పుడెలా ఉందమ్మా నీకు?"

ఎప్పుడడిగినా బాగున్నాను డాడీ అనే పిల్ల, ఆ రోజు అద్దంలోనే ఆయన కళ్లలోకి చూసింది.

"బాగాలేదు డాడీ," అంది.

ఆయన మాట మార్చలేదు. కారుని మెల్లగా రోడ్డు పక్కకి తీసి ఆపాడు. రెండు వైపులా ఇండికేటర్లు వేసి, ఇంజన్ కట్టేసి, దిగి వచ్చి వెనక సీట్లో కూతురి పక్కన కూర్చున్నాడు.

"చెప్పు," అన్నాడు. "మొదటి నుంచి చెప్పు."