పెట్టెకు రాని అంకెలు

ఎంత దూరంలో మెరిసిందో కూతపెట్టి చెప్పాలని జయంత్ కట్టిన మెరుపుల పెట్టె కంచరపాలెంలో ఉన్న నాలుగు నెలల్లో ఒక్క మెరుపునీ సరిగ్గా పట్టలేదు. రైలింజను పైతీగ మీద చిటపటమంటే మెరుపంది. కిందింటి వాళ్ళ మిక్సీ తిరిగితే మెరుపంది. సందు చివర వెల్డింగ్ షాపు తెరిచారా, ఇక రోజంతా పిడుగులే. స్టీల్ ప్లాంటులో పదేళ్ళుగా మీటర్లు సరిచేసే ఉద్యోగం వాడిది. అలాంటివాడికి సొంతంగా చేసుకున్న అరచేతి పెట్టె మాట వినకపోవడం కన్నా తలవంపులు ఏముంటాయి? భార్య శ్రీసత్య మాత్రం, "మిక్సీ సంగతి కరెక్టుగానే చెబుతోందిగా," అని ఊరుకుంది.

ఆ ఇంటికి చేపలు తెచ్చే మహాలక్ష్మమ్మే దారి చూపించింది. ఆమెది సముద్రం ఒడ్డున జాలరిపేట. అక్కడ రైళ్ళు లేవు, వెల్డింగ్ లేదు. ఆరేళ్ళ కిందట ఆమె మొగుడు గురువులు చేపల వేటలో ఉండగానే పిడుగుపడి పోయాడు. ఇప్పుడు కొడుకు ఎల్లాజీ అదే సముద్రం మీదకి వెళుతున్నాడు.

"మా ఇంట్లో ఎట్టు బాబూ. పిడుగొచ్చే ముందు ఆడికి ఫోన్ సేసి సెప్తే సాలు," అంది.

అలా పెట్టె వాళ్ళ వరండా గూట్లోకి చేరింది. అది కూస్తే ఫోన్ చెయ్యడానికి డ్యూటీ లేనప్పుడల్లా జయంత్ అక్కడే ఉండేవాడు. రెండు వారాల్లోనే ఎల్లాజీ, జయంత్ బావా అంటే బావా అనుకునేంత దగ్గరయ్యారు. ఆ స్నేహానికీ పెట్టె ఎసరు పెట్టింది. మొదటిసారి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో మెరుపంటే ఎల్లాజీ వల ఎత్తేసి ఒడ్డుకి పరుగెత్తుకొచ్చాడు. చినుకు కూడా పడలేదు. రెండోసారీ అంతే. ఒడ్డున ఉన్న జనం పగలబడి నవ్వారు.

"ఇంకోపాలి ఉత్తినే పిలిసినావంటే నీ పెట్టిని సముద్రంలోకి గిరాటెట్టేత్తాను బావ," అన్నాడు ఎల్లాజీ. సరదాకే అన్నాడు. కానీ జయంత్‌కి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఖాయంగా తేలేదాకా ఇక ఫోన్ చెయ్యనని మాటిచ్చాడు. ఆ మాట ఇవ్వకుండా ఉండాల్సింది.

వినాయకచవితి వెళ్ళిన వారం. జయంత్‌కి సెలవు రోజు. మధ్యాహ్నం మూడింటికి స్క్రూడ్రైవరు, లాప్‌టాప్ పట్టుకుని జాలరిపేట వచ్చాడు. ఎల్లాజీ తెల్లవారుజామునే ఫైబర్ తెప్పేసుకుని ఒక్కడే వెళ్ళాడట. తోడు వెళ్ళే రాముకి జ్వరం. వరండా నిండా ఎండుచేపల వాసన, తడి వలల వాసన. ఉక్కపోతకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. కైలాసగిరి కొండ వెనకాల కాస్త మబ్బు పట్టింది గానీ, వీధిలో ఎండ మాడ్చేస్తోంది.

నాలుగింటికి పెట్టె కూసింది. పద్నాలుగు. కాసేపటికి మళ్ళీ కూసింది. పన్నెండు.

జయంత్ ఫోన్ తీశాడు. ఎల్లాజీ పేరు మీద వేలు పెట్టి వీధిలోకి చూశాడు. ఎదురింటి అరుగు మీద ఆరబోసిన చేపలు ఎండుతూనే ఉన్నాయి. మళ్ళీ అబద్ధమేమో. మూడో అంకె వస్తే చేద్దాంలే అనుకున్నాడు. ఈలోగా చిరాకు ఆగక, అల్లాటప్పా సంకేతాలను లెక్కలోకి తీసుకోకుండా లాప్‌టాప్‌లోంచి పెట్టెకు గట్టి వడపోత పెట్టాడు. పెట్టె నోరు మూసుకుంది.

"ఏటంటంది బాబూ?" అంది లోపల్నించి మహాలక్ష్మమ్మ.

"ఏం లేదమ్మా. ఊరికే కూసింది."

ఆ మాట పూర్తవుతుండగానే సముద్రం మీద మెరిసింది.

ఒకే ఒక్కటి. తెల్లగా, నిట్టనిలువుగా. జయంత్ అలవాటు కొద్దీ సెకన్లు లెక్కపెట్టాడు. ఇరవై ఏడు దగ్గర ఉరిమింది. మూడు సెకన్లకో కిలోమీటరు, అంటే తొమ్మిది కిలోమీటర్లు. పెట్టె కిక్కురుమనలేదు.

ఫోన్ చేశాడు. అందుబాటులో లేదంది. మళ్ళీ చేశాడు. మళ్ళీ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని తెలుస్తూనే ఉంది, అయినా చేస్తూనే ఉన్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. గాలి లేచింది. వాన దిగింది. పేటంతా కరెంటు పోయి, పొద్దుగూకకముందే వరండా చీకటైపోయింది. పవర్ బ్యాంకు మీద నడిచే పెట్టె తెర ఒక్కటే వెలుగుతోంది.

అప్పుడు కూసింది.

తొమ్మిది.

జయంత్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ పెట్టెలోని చిప్‌కి అన్ని దూరాలూ రావు. పద్నాలుగు, పన్నెండు, పది, ఎనిమిది, ఆరు, అయిదు. అయిదు తర్వాత నేరుగా ఒకటి, అంటే నెత్తిమీద. సగం ఎక్కాలే వచ్చిన పిల్లాడిలాంటిది అది. తొమ్మిది అన్న అంకె చెప్పడమే దానికి రాదు. ఇన్నాళ్ళూ తప్పులు చెప్పింది గానీ, రాని మాట ఎన్నడూ చెప్పలేదు.

"దరిద్రపు పెట్టె," అని పళ్ళు నూరుతూ దాని మూత విప్పాడు.

ఏడు.

మెరుపు లేదు. ఉరుము లేదు. రేకుల మీద వాన చప్పుడొక్కటే. యాంటెన్నా తీగని మొదలంటా ఊడబీకి గూట్లో పడేశాడు. ఇక అది దేన్నీ పట్టుకునే వీల్లేదు.

నాలుగు...

జయంత్ టైము చూసుకున్నాడు. తొమ్మిది నుంచి నాలుగుకి రావడానికి ఇరవై నిమిషాలు. గంటకి పదిహేను కిలోమీటర్లు. ఏ మబ్బూ అంత నింపాదిగా, అంత తిన్నగా రాదు. ఇంజను పెట్టిన తెప్ప వస్తుంది.

మహాలక్ష్మమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"దగ్గరకొత్తందా?" గుసగుసగా అడిగింది.

"వస్తోందమ్మా."

"మరి ఉరమదేటి?"

జయంత్ పెట్టె తెరని ఆమె వైపు తిప్పాడు.

మూడు... రెండు...

ముందు వాసన వచ్చింది. నైలాను వల కాలిన వాసన. ఇంత వానలో ఏం కాలుతుంది? తర్వాత అడుగుల చప్పుడు. తడి ఇసుకలో, తొందర లేకుండా... సందు మలుపు తిరిగి... గుమ్మం ముందుకి...

ఒకటి.

"ఇంకా ఎల్లలేదేటి బావ?"

ఎల్లాజీ. నిలువెల్లా నీళ్ళు కారుతూ, ఎప్పటిలాగే తల ఒక పక్కకి వాల్చి నిలబడ్డాడు. జయంత్‌కి ఏడుపొచ్చినంత పనైంది. "ఫోన్ ఎందుకు తియ్యలేదు బావా!" అని కసిరాడు.

"తడిసి సచ్చిపోనాది ఫోను." ఎల్లాజీ దండెం మీద తువ్వాలు లాక్కుని తల తుడుచుకోసాగాడు. "పిడుగు పక్కనే పడినాది బావ. కళ్ళు మూతలు పడిపోనాయి. మరేటీ తెలీనేదు. సూత్తే ఒడ్డు కాడున్నాను."

మహాలక్ష్మమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. వెంటనే వదిలేసింది.

"ఇంత సల్లగున్నావేటిరా?"

"వానే కదమ్మా."

పెట్టె ఇంకా ఒకటే చూపిస్తోంది. ఆగకుండా. ఎల్లాజీ నీళ్ళ కుండ దాకా వెళ్ళి వచ్చినా ఒకటే. జయంత్ గూట్లో విడిగా పడి ఉన్న యాంటెన్నా తీగ వైపు చూశాడు, ఎల్లాజీ వైపు చూశాడు. అతని మనసులోకి ఒక ఆలోచన వచ్చింది. అది తప్పు కావాలి. ఇన్ని నెలలూ పెట్టె నిజం చెప్పాలని మొక్కుకున్నవాడు, ఈ ఒక్కసారికి అబద్ధం చెప్పాలని మొక్కుకున్నాడు. ఆపి మళ్ళీ వేస్తే సరి. మొండికేసిన ఏ మీటరుకైనా మొదటి మందు అదే.

"తెప్పకేటీ అవనేదు గానీ, వలంతా అక్కడే వొగ్గీసి వొ..." ఎల్లాజీ చెబుతూనే ఉన్నాడు.

జయంత్ పవర్ బ్యాంకు తీగ పీకాడు.

ఎల్లాజీ ఆగిపోయాడు.

మాట సగంలో. రెండు చేతులూ తువ్వాలు మీద. కళ్ళు తెరిచే ఉన్నాయి. జయంత్ వైపే చూస్తున్నాయి. ఛాతీ కదలడం లేదు. నోరు ఆ సగం మాట దగ్గరే గుండ్రంగా ఉండిపోయింది.

జయంత్ తీగ పెట్టబోయాడు. దిగలేదు... మళ్ళీ దిగలేదు... దిగింది. పెట్టె మేలుకోవడానికి పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లూ వానని తప్ప దేన్నీ వినకుండా, ఆ కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు.

ఒకటి.

"...చ్చీసినాను," అన్నాడు ఎల్లాజీ. తల తుడుచుకుంటూనే, "ఏటి బావ, అలగ సూత్తన్నావ్?" అన్నాడు.

"ఏం లేదు బావా."

మహాలక్ష్మమ్మ అంతా చూసింది. నెమ్మదిగా వచ్చి గూటి పక్కన కూలబడి, తీగ పెట్టెలోకి దిగే చోట అరచెయ్యి అడ్డం పెట్టింది. పవర్ బ్యాంకు మీద నాలుగు దీపాల్లో ఒక్కటే మిగిలింది. అదీ ఆరుతూ వెలుగుతూ ఉంది.

"కరెంటు ఎప్పుడొత్తాదో తెలీదు," అంది, కొడుక్కి వినపడకుండా. "ఇది ఇంకెంతసేపు నడుత్తాది బాబూ?"