నిమిషానికి పదహారు

కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ల గల్లీ ఒకటుంది. పొద్దంతా మగ్గాల చప్పుడే. చీకటి పడిందంటే మాత్రం చివరింటి ముందు నుంచి ఎవరూ నడవరు, చుట్టు తిరిగి పోతారు. ఎందుకో చెప్తాను, జర దగ్గరికి జరగండి. భద్రకాళమ్మను ఒక్కసారి మనసులో తలుచుకుని మరీ వినండి...

అది మొండయ్య ఇల్లు. ఆయన పోయి ఐదు నెలలైంది. నలభై ఏళ్లు మగ్గం ముందు కూర్చుని నూలు దుమ్ము మింగిన మనిషి. చివరి ఏడాది మంచం పక్కన ఆక్సిజన్ మిషిను ఉంటేనే ఊపిరాడేది. ఆయన పోయిన తెల్లవారుజామున భార్య సరోజనే తన చేత్తో ఆ మిషిను స్విచ్ ఆపింది. తర్వాత మిషిను అద్దె దుకాణానికి పోయింది. ఆమె మెయిన్ దించి, తాళం వేసి, సుబేదారిలో కూతురు హారిక ఇంటికి చేరింది.

ఇల్లు ఖాళీ. కరెంటు బందు.

అయినా అరుగు గోడ మీది మీటర్‌లో ఎర్రచుక్క... మిణుకు... మిణుకు... ఆగి, మళ్లీ మిణుకు. తలుపుకు చెవి పెడితే ఆయాసపడుతున్నట్టు సన్నని చప్పుడు కూడా.

"మొండయ్య యాడికీ పోలే. ఇంకా ఊపిరి తీస్తనే ఉన్నడు" అన్నారు గల్లీ జనం.

ఆ మాట చెవిన పడ్డ రోజు నుంచి సరోజనకు ముద్ద దిగలేదు. దినాలు చేసింది. అస్థికలు కాళేశ్వరంలో కలిపింది. ఇంకేం తక్కువైందని ఆయన ఆ గాలాడని గదిలోనే ఉండిపోయాడు? పైగా, ఖాళీ ఇల్లు నెలకు రెండొందల యూనిట్లు దాటి తాగిందని కాగితం కూడా వచ్చింది.

ఇక తాళలేక మరిది సుదర్శన్‌ను బతిమాలింది. ఇళ్లకు వైరింగ్ చేస్తాడతను.

"దయ్యానికి కరెంటెందుకు వదినా? దానికి చీకటే మంచిగుంటది గదా" అని నవ్వాడు. కానీ రాత్రి పని ముగించుకుని ఆమె వెంట వచ్చాడు.

శ్రావణమాసపు ముసురు. గల్లీలో ఒక్క మనిషి లేడు. సుదర్శన్ ముందు మెయిన్ చూశాడు. దించే ఉంది. తర్వాత సెల్‌ఫోన్‌లో గడియారం పెట్టుకుని ఎర్రచుక్కను లెక్కబెట్టాడు. నిమిషం అయ్యేసరికి అతని నవ్వు పోయింది.

"పదహారు."

"అంటే?"

"గీ చుక్క మూడువేల రెండొందల సార్లు కొట్టుకుంటే ఒక యూనిట్, వదినా. ఒక్క ఫ్యానుకైతే నిమిషానికి నాలుగే కొట్టుకుంటది. పదహారంటే... మూడొందల వాట్లు."

"మీ అన్న మిషినుకెంత?" గుసగుసగా అడిగింది.

అతను మళ్లీ చుక్క వంక చూశాడు.

"గంతే."

సుదర్శన్ టార్చి నోట కరుచుకుని మీటర్ వెనక తడిమాడు. మీటర్‌కూ మెయిన్‌కూ నడుమ ఏదో సన్నగా చేతికి తగిలింది... గోడ పగులులోంచి వచ్చిన వైరు. కటింగ్ ప్లేయర్‌తో పట్టి గుంజాడు.

చుక్క ఆగింది. ఆయాసం చప్పుడూ ఆగింది.

ఒక్క క్షణం వాన చప్పుడు తప్ప ఏమీ లేదు...

పీఁ... పీఁ... పీఁ...

ఆ కూత సరోజనకు నిద్రలోనైనా తెలుస్తుంది. చేత్తో ఆపితే మిషిను కూయదు. నడుస్తుండగా కరెంటు పోతేనే కూస్తుంది. కానీ ఆ కూత తన ఇంట్లోంచి రావడం లేదు. గోడ అవతలి నుంచి వస్తోంది.

పక్కింటి తలుపు దభాలున తెరుచుకుంది. మల్లక్క తడుస్తూ పరుగెత్తుకొచ్చింది.

"పెట్టు బిడ్డా... జర పెట్టు. ఆయనకు ఊపిరి ఆడ్తలేదు."

సుదర్శన్ వైరు మళ్లీ కలిపాడు.

ఆమె వెనకే లోపలికి వెళ్లారు. మంచం మీద మల్లక్క పెనిమిటి వెంకటయ్య, ముక్కులో గొట్టం. మొండయ్య పక్క మగ్గం మనిషే. వెంకటయ్య ఇంకా దవాఖానలోనే ఉన్నాడని ఇన్నాళ్లూ అనుకుంది సరోజన. మంచం పక్కన మిషిను. దాని మూల మీద, వెలిసిపోయిన పసుపు, కుంకుమ బొట్టు.

కిందటి దసరాకు మగ్గానికి పెట్టినట్టే దానికీ బొట్టు పెట్టింది సరోజనే. నా పెనిమిటిని బతికించు తల్లీ అని మొక్కింది కూడా.

"ఇగ ఇంటికి తీస్కపొమ్మన్నరక్కా" అంది మల్లక్క, తల ఎత్తకుండా. "బాకీ ఉందని మా కరెంటు కట్ చేసిపోయిండ్రు. ఎవ్వలకు చెప్పలే. నీ ఇంట్ల నుంచి గుంజినం. మొండన్న ఏమనడులే అన్నడు ఈయన."

బయటికొచ్చాక సుదర్శన్ మీటర్ వంక చూస్తూ నిలబడ్డాడు. "గిది ఉంచొద్దు వదినా. వానకు తడిస్తే జాయింట్ కాలుతది. తీద్దామంటే... నాకు చేతులు వస్తలెవ్వు."

"టేపు చుట్టు" అంది సరోజన.

మూడు చుట్లు చుట్టాడు.

తెల్లారి గల్లీవాళ్లు అడిగారు. "ఏందక్కా, దయ్యం పోయిందా?"

"పోలే. ఆ గోడ జోలికి ఎవ్వలు పోకుండ్రి" అంది, నిజమే చెప్తున్నట్టు.

ఆనాటి నుంచి రోజూ దీపాలవేళకు సుబేదారి నుంచి ఆటోలో వచ్చేది. అరుగు మీద దీపం వెలిగించి, ఎర్రచుక్కకు ఎదురుగా కూర్చుని లెక్కబెట్టేది. అంతకన్నా ఆమె చేయగలిగింది ఏముంది? పదహారు వస్తే దండం పెట్టుకుని పోయేది.

ఒక శుక్రవారం. పదకొండు... పన్నెండు... పదమూడు...

పద్నాలుగు రాలేదు.

వైరు కాలిందేమోనని చప్పున లేచి చూసింది. టేపు పొడిగా, చల్లగా ఉంది. ఊపిరి బిగబట్టి కూత కోసం చెవి ఒగ్గింది. ఎంతసేపు నిలబడ్డా కూత రాలేదు.

గోడ అవతల, మల్లక్క చేత్తోనే ఆపింది.